కోళ్ల షెడ్డు నుంచి కడుపులోకి: మందులకు లొంగని బ్యాక్టీరియా నడిచే దారి

బిర్యానీ ప్లేటులో దేన్ని చూసి జాగ్రత్త పడాలని అడిగితే చాలామంది కోడి ముక్కనే చూపిస్తారు. అసలు జాగ్రత్త పడాల్సింది పక్కనున్న పచ్చి ఉల్లిపాయ చక్రాల విషయంలో. మూత బిగించి దమ్ మీద మగ్గిన మాంసంలో బ్యాక్టీరియా బతకదు. రంజాన్ నెలలో భట్టీ మీద గంటల తరబడి ఉడికే హలీంలో అసలే బతకదు. ఉల్లిపాయకు ఆ వేడి తగలదు. పచ్చి చికెన్ కోసిన చెక్క మీదే, అదే కత్తితో ఉల్లిపాయ కూడా కోసి ఉంటే, కోడి పేగుల్లో పుట్టిన బ్యాక్టీరియా నిమ్మరసంతో పాటు నేరుగా నోట్లోకి వెళ్తుంది.

ఆ బ్యాక్టీరియా మామూలుదైతే మహా అంటే రెండు రోజులు విరేచనాలు, జ్వరం. లేదంటే అదీ ఉండదు. మందులకు లొంగనిదైతే కథ వేరు. చాలాసార్లు అది వచ్చినట్టు తెలియదు, నొప్పి ఉండదు, నెలల తరబడి పేగుల్లో ఉండిపోగలదు. జంతువుల నుంచి మనుషులకు ఆహారం ద్వారా వచ్చే యాంటీబయాటిక్ నిరోధకత గురించి మన ఇళ్లలో ఇంకా సరిగా చర్చ జరగకపోవడానికి కారణం ఇదే. ఫుడ్ పాయిజన్ అయితే ఏ హోటల్లో తిన్నామో గుర్తుపడతాం. దీనికి తేదీ ఉండదు, హోటల్ పేరు ఉండదు.

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఏ బస్తీలోనైనా చికెన్ షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడి చూస్తే ఈ దారి మొదలు కనిపిస్తుంది. గొంతు కోసిన కోడిని డ్రమ్ములో వేస్తారు. కొట్టుకోవడం ఆగాక బయటికి తీసి తోలు లాగేస్తారు, విత్ స్కిన్ అడిగితే వేడినీళ్లలో ముంచి ఈకలు పీకే మెషీన్‌లో వేస్తారు. పొట్ట చీల్చి పేగులు లాగేటప్పుడు చెయ్యి కాస్త తొందరపడితే పేగు తెగుతుంది. అందులోని మలం మాంసానికి అంటుతుంది. తర్వాత చెక్క మొద్దు మీద ముక్కలు. ఆ మొద్దు మీద పొద్దుటి నుంచి ఎన్ని కోళ్లు తెగాయో లెక్క ఉండదు, కత్తి గాట్లలో తడి ఆరదు. ఒక్క కోడిలో ఉన్నది ఆ మొద్దు మీదుగా యాభై ఇళ్లకు పంచుకుపోతుంది. లివర్, కందనకాయ అదే కవర్లో పడతాయి.

ఇంటికొచ్చాక సింకులో గిన్నె పెట్టి, కుళాయి తిప్పి, నాలుగు నీళ్లు పోసి కడుగుతారు. ఉప్పు, పసుపు పట్టించి మళ్లీ కడుగుతారు. శుభ్రం కోసం చేసే ఈ పనే ఎక్కువ చిందిస్తుంది. పచ్చి మాంసం మీద పడిన నీటి తుంపర సింకు గట్టు మీద, పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద, కడిగి పెట్టిన కొత్తిమీర కట్ట మీద పడుతుంది. ఉప్పు, పసుపు వాసనను తగ్గిస్తాయేమో గానీ ఆ కాస్త సేపట్లో బ్యాక్టీరియాను చంపలేవు. కడిగిన చేత్తోనే కుళాయి కట్టేస్తారు. ఆ కుళాయి పిడిని ఇంట్లో అందరూ పట్టుకుంటారు. చికెన్ మాత్రం ఆ తర్వాత అరగంట ఉడికి పూర్తిగా సురక్షితమైపోతుంది. ముక్క పొయ్యి ఎక్కేలోపే దాని మీది బ్యాక్టీరియా వంటగదిలో చోటు చూసుకుంటుంది.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు తరచూ కలిసిపోతుంటాయి. కోడి మాంసంలో యాంటీబయాటిక్ మందు అవశేషాలు మిగలడం ఒకటి. ఆ మందుకు అలవాటుపడిన బ్యాక్టీరియా మాంసం మీద ఉండటం ఇంకొకటి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో రాజధాని ప్రాంతంలో 70 చికెన్ నమూనాలు పరీక్షించి 40 శాతం నమూనాల్లో అవశేషాలు ఉన్నాయని చెప్పింది. ఆ వార్త దేశమంతా తిరిగింది, అది మొదటి రకం గురించి. అవశేషాలు వంటతో పూర్తిగా పోవు. కోళ్లకు ఇచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు వేడిని బాగా తట్టుకుంటాయి. మందు ఆపిన తర్వాత నిర్ణీత రోజులు ఆగి కోడిని అమ్మితే మాత్రం అవశేషాలు తగ్గిపోతాయి. నిరోధక బ్యాక్టీరియా సంగతి తలకిందులు. దాన్ని వంట చంపుతుంది, మందు ఆపి పది రోజులు ఆగినంత మాత్రాన అది పోదు. అవశేషాలు లేవని ధ్రువీకరించిన చికెన్ మీద కూడా మొండి బ్యాక్టీరియా ఉండవచ్చు. ‘యాంటీబయాటిక్ రెసిడ్యూ ఫ్రీ’ అన్న లేబుల్ చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు గమనించాల్సిన తేడా ఇది. పెంపకంలో అసలు యాంటీబయాటిక్ వాడలేదని చెప్పడం వేరు, అమ్మే రోజుకు మాంసంలో మందు మిగల్లేదని చెప్పడం వేరు.

మొండితనం పుట్టేది షెడ్డులో. బ్రాయిలర్ కోడి రోజు పిల్లగా వచ్చి దాదాపు ఆరు వారాల్లో రెండు కిలోలు దాటి లారీ ఎక్కుతుంది. నేల మీద ఊక పరిచి, ఒక్కో షెడ్డులో వేల పిల్లలను పెంచుతారు. అవి తినేదీ విసర్జించేదీ ఆ ఊక మీదే. ఒక మూల పది పిల్లలు ముక్కు కారుతూ గురగురమంటే, రైతు ఆ పదింటిని పట్టి మందు వేయలేడు. నీళ్ల ట్యాంకులో మందు కలుపుతాడు. జబ్బు ఉన్నదీ లేనిదీ అన్నీ తాగుతాయి. జబ్బు కోడి నీళ్లు తక్కువ తాగుతుంది కాబట్టి మందు అందాల్సిన దానికే తక్కువ అందుతుంది. వేల కోళ్ల పేగుల్లో ఉన్న కోటానుకోట్ల ఈ-కోలై బ్యాక్టీరియాలో మందుకు లొంగేవి చస్తాయి. పుట్టుకతోనో, జన్యువులో మార్పు వల్లనో తట్టుకోగలిగినవి నాలుగు మిగులుతాయి. అనుకూలమైన చోట ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మర్నాటికి షెడ్డు వాటిదే.

అంతవరకే అయితే కొంత నయం. చాలా బ్యాక్టీరియాలకు ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్ఏ ముక్క అదనంగా ఉంటుంది. మందును ఎదుర్కొనే జన్యువులు చాలావరకు దీని మీదే ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పక్కనున్న దానికి దీన్ని నకలు తీసి ఇచ్చేస్తుంది. ఇద్దరూ ఒకే జాతి కానవసరం లేదు. కోడి ఈ-కోలై నుంచి మనిషి పేగులోని క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియాకు కూడా వెళ్లగలదు. అంటే కోడి మీద వచ్చిన బ్యాక్టీరియా మన పేగులో రెండు రోజులు ఉండి చచ్చిపోయినా, పోయేలోపు ఆ విద్యను మన సొంత బ్యాక్టీరియాకు నేర్పి పోవచ్చు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, తరచూ ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందులను ఎదుర్కొనే జన్యువులు వరుసగా ఉంటాయి. షెడ్డులో వాడింది పాతకాలపు చవకైన టెట్రాసైక్లిన్ ఒక్కటే అయినా, దాంతో పాటు ఆసుపత్రి మందులను తట్టుకునే జన్యువులు కూడా బలపడతాయి. ‘మేం మనుషుల మందులు వాడటం లేదు’ అన్న మాట అందుకే పూర్తి జవాబు కాదు.

ఇది ఊహ కాదని చాలా కాలం కిందటే తేలింది. అమెరికాలో బోస్టన్ దగ్గర ఒక పొలంలో స్టువర్ట్ లెవీ అనే శాస్త్రవేత్త బృందం 1970ల మధ్యలో ఒక ప్రయోగం చేసింది. కోడిపిల్లల్లో సగానికి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా, సగానికి మామూలు దాణా పెట్టారు. వారం రెండు వారాల్లోనే మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లో టెట్రాసైక్లిన్‌కు లొంగని బ్యాక్టీరియా నిండిపోయింది. కొన్ని నెలలకు ఆ పొలంలో నివసించే కుటుంబ సభ్యుల మలంలోనూ అదే కనిపించింది. వాళ్లెవరూ ఆ మందు మింగలేదు. ఇరుగుపొరుగు ఇళ్లలో ఈ మార్పు లేదు. పైగా ఒక్క టెట్రాసైక్లిన్ ఇచ్చినా, కోళ్లలోని బ్యాక్టీరియా మరికొన్ని మందులకూ లొంగడం మానేసింది. 1976లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాతి యాభై ఏళ్లలో ప్రపంచమంతా కోళ్ల పెంపకం ఎన్నో రెట్లు పెరిగింది.

మందును దాణాలో కలిపే అలవాటు ఎక్కడ మొదలైందో తెలుగువాళ్లకు తెలియాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన అమెరికా మందుల సంస్థ లెడర్లీలోనే మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ తయారైంది. లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందు అది. సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లో అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోళ్లకు బి12 విటమిన్ అందించే చవకైన దారి వెతుకుతూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపారు. పిల్లలు విటమిన్ ఒక్కటే తిన్నవాటికన్నా ఎక్కువ బరువు పెరిగాయి. పిప్పిలో మిగిలిన మందే అందుకు కారణమని తేలింది. కొద్ది ఏళ్లలోనే జబ్బు లేని కోళ్లకు, పందులకు బరువు కోసం రోజూ కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మేపడం అమెరికా నుంచి లోకమంతా పాకింది. జబ్బు నయం చేయడానికి పుట్టిన మందు దాణా దినుసుగా మారడం వైద్య చరిత్రలోని పెద్ద తప్పుల్లో ఒకటి. బ్యాక్టీరియాను చంపని, కానీ రోజూ తగిలే మోతాదు దానికి శిక్షణ ఇచ్చినట్టే.

బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన స్వాన్ కమిటీ 1969లోనే దీన్ని వ్యతిరేకించింది. స్వీడన్ 1986లో ఆపేసింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి బరువు కోసం యాంటీబయాటిక్ వాడటాన్ని పూర్తిగా నిషేధించింది. మన దేశంలో అసలు కదలిక రావడానికి కొలిస్టిన్ కావాల్సి వచ్చింది.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలకు చేటని డాక్టర్లు దశాబ్దాల పాటు పక్కన పెట్టేశారు. మిగతా మందులన్నీ ఓడిపోతున్న కొద్దీ ఐసీయూల్లో చివరి ఆయుధంగా మళ్లీ బయటికి తీశారు. అదే సమయంలో కోళ్ల షెడ్లలో అది చవకగా, సంచుల్లో దొరికేది. 2015 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్తలు ఒక వార్త చెప్పారు. కొలిస్టిన్‌ను ఎదుర్కొనే ఎంసీఆర్-1 అనే జన్యువు పందుల్లో, దుకాణాల్లోని పచ్చి మాంసం మీద, ఆసుపత్రి రోగుల్లో దొరికింది. అది ప్లాస్మిడ్ మీద ఉంది. అంతకుముందు కొలిస్టిన్ నిరోధకత ఆ బ్యాక్టీరియా సంతానానికే పరిమితమని అనుకునేవారు. ఇప్పుడది చేతులు మారేదని తేలింది. తర్వాత ఆ జన్యువు కోసం వెతికిన ప్రతి ఖండంలోనూ కనిపించింది. 2018 మొదట్లో మన దేశపు పౌల్ట్రీలోకి వస్తున్న కొలిస్టిన్ మీద అంతర్జాతీయంగా వెలువడిన ఒక పరిశోధనాత్మక కథనం మొదలైందే హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలోని ఒక ఫారంలో. 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వాకు, దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించింది.

నిషేధాల వల్ల ఏమవుతుందని పెదవి విరిచేవాళ్లకు చైనానే జవాబు. అక్కడ 2017లో దాణాలో కొలిస్టిన్ వాడకం ఆపేశారు. రెండు మూడేళ్లలోనే పందుల్లోనూ, ఆసుపత్రికి వచ్చే మనుషుల్లోనూ ఎంసీఆర్-1 ఉన్న ఈ-కోలై బాగా తగ్గింది. మందు ఒత్తిడి లేనప్పుడు ఆ జన్యువును మోయడం బ్యాక్టీరియాకు బరువు. బరువైన దాన్ని అది వదిలేస్తుంది. అన్ని జన్యువులూ ఇంత తేలిగ్గా వదలవు గానీ, షెడ్డులో మార్పు మనిషి పేగు దాకా చేరుతుందనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

పేగులో చేరిన మొండి బ్యాక్టీరియా ఎప్పుడు బయటపడుతుంది? చాలామందిలో ఎప్పటికీ పడదు. మంచి బ్యాక్టీరియా మధ్య ఒదిగి ఉండి, కొన్ని నెలలకు పోతుంది. కొందరిలో మాత్రం రోజు వస్తుంది. మూత్రంలో మంట, చలిజ్వరం. డాక్టరు టాబ్లెట్ రాస్తారు, తగ్గదు. యూరిన్ కల్చర్ చేయిస్తారు. మూడో రోజు వచ్చే ఆ కాగితం మీద ఈ-కోలై అని రాసి, కింద పదిహేను ఇరవై మందుల పేర్లు వరుసగా ఉంటాయి. పక్కన ఎస్ అని ఉంటే పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే చేయదని. పైనుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్ అని దిగుతూ వచ్చి ఎక్కడో అడుగున రెండు ఎస్‌లు కనిపిస్తాయి. ఆ రెండూ నోటితో మింగేవి కావు, సూదితో ఎక్కించేవి. టాబ్లెట్‌తో పోవాల్సిన జబ్బుకు ఆసుపత్రిలో వారం పడక. షుగర్ ఉన్నవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అది ప్రాణాల మీదికి కూడా వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12 లక్షల 70 వేల మరణాలకు కారణమైందని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. అందులో భారత్ వాటా దాదాపు 2 లక్షల 97 వేలు.

మన పేగుల్లో ఈ మొండి బ్యాక్టీరియా ఎంత ఉందో హైదరాబాద్‌లోనే ఒక కొలత దొరికింది. గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి మరో మూడు దేశాల ఆసుపత్రులతో కలిసి చేసి 2025లో ప్రకటించిన అధ్యయనంలో, పిత్తనాళ ఎండోస్కోపీ కోసం వచ్చిన భారతీయ రోగుల్లో 83 శాతం మందిలో బహుళ మందులకు లొంగని బ్యాక్టీరియా ఉంది. ఇటలీలో అది 31.5 శాతం, అమెరికాలో 20.1, నెదర్లాండ్స్‌లో 10.8. వీళ్లు రోగులు, ముందే మందులు వాడి ఉంటారు కాబట్టి ఈ 83ను ఊరందరికీ అంటగట్టకూడదు. కానీ అన్ని దేశాల్లోనూ పరీక్షించింది అలాంటి రోగులనే అన్నది మరిచిపోకూడదు. 2017లో అచ్చయిన ఒక డచ్ అధ్యయనం ఇంకో వైపు నుంచి ఇదే చెప్పింది. దక్షిణాసియాకు ప్రయాణం వచ్చి వెళ్లిన డచ్చి వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది, వచ్చేటప్పుడు లేని నిరోధక బ్యాక్టీరియాను కడుపులో పెట్టుకుని వెళ్లారు. వాళ్లు ప్రయాణికులు, తిన్నారు, తాగారు, తిరిగారు. అంతే.

ఇందులో కోడి వాటా ఎంత? నిజాయితీగా చెప్పుకోవాల్సిన విషయం ఇది. మనుషుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి మొదటి కారణం మనుషులు వాడే మందులే. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్, మూడు రోజులకు ఆపేసే కోర్సు, ఆసుపత్రుల్లో కడగని చేతులు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన ఒక పెద్ద జన్యు అధ్యయనం, అక్కడి రోగుల రక్తంలో దొరికిన ఈఎస్‌బీఎల్ ఈ-కోలై (పెన్సిలిన్ తరహా మందులను విరిచేసే ఎంజైమున్న ఈ-కోలై) రకాలకూ, మాంసం మీది రకాలకూ పోలిక తక్కువేనని, అది ఎక్కువగా మనిషి నుంచి మనిషికే పాకుతోందని తేల్చింది. పౌల్ట్రీ వాళ్లు ఈ అధ్యయనాన్ని తరచూ ముందుకు తెస్తారు. అది మంచి అధ్యయనమే. అయితే అక్కడ మురుగు మూసిన పైపుల్లోంచి శుద్ధి కేంద్రానికి వెళ్తుంది, మాంసం చల్లగా ప్యాకెట్లో వస్తుంది, వీధి చివర కోడి తెగదు. ఆ ముగింపును ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాద్‌కు అతికించలేం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తెలంగాణ, కేరళ కోళ్ల ఫారాల నుంచి తెచ్చిన పెంటలో రకరకాల నిరోధక జన్యువులను గుర్తించారు. మన షెడ్లలో అవి ఉన్నాయా లేవా అన్నది ఇప్పుడు ప్రశ్నే కాదు. ఇంకో మాట కూడా స్పష్టంగా ఉండాలి: టైఫాయిడ్ కోడి నుంచి రాదు. ఆ బ్యాక్టీరియా మనిషిలోనే బతుకుతుంది. కోడితో వచ్చే సాల్మొనెల్లా దాని దాయాది, అది వేరు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో పెద్ద చిక్కుముడి ఉంది. ఇక్కడ కోళ్ల పరిశ్రమ ఉంది, మందుల పరిశ్రమ ఉంది, రెండిటి నీళ్లూ కలిసే నేల ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. శుద్ధి చేసిన నీళ్లలో ఉన్న లెక్క ఇది. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ఒక ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. ప్రపంచానికి మందులు పంపే నగరం అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

నగరం దాటాక మూసీ ఒడ్డున పీర్జాదిగూడ వైపు వెళ్తే నది మోసుకొచ్చే మురుగునీటి మీదే పచ్చగా గడ్డి పెరుగుతూ కనిపిస్తుంది. ఆ గడ్డిని కోసి నగరంలోని బర్రెలకు మేపుతారు. పక్క మడుల్లో పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుదీనా. కట్టలు కట్టి అదే నీళ్లలో ముంచి తాజాగా కనిపించేలా చేసి మార్కెట్‌కు పంపుతారు. మురుగులో మనుషుల పేగు బ్యాక్టీరియా ఉంది, వాళ్లు వాడిన మందులున్నాయి. అవి గడ్డి ద్వారా బర్రెకు, కూర ద్వారా మళ్లీ మనిషికి వస్తాయి. పాలకూర పప్పులో ఉడుకుతుంది కాబట్టి ఫరవాలేదు. పాలు కాస్తాం కాబట్టి ఫరవాలేదు. పుదీనా, కొత్తిమీర మాత్రం పచ్చివే పైన చల్లుతాం, పచ్చివే నూరి చట్నీ చేస్తాం. జంతువుల నుంచి మనిషికి అన్నప్పుడు దారి ఒకవైపే ఉంటుందని అనుకోకూడదు. ఇక్కడ అది గుండ్రంగా తిరుగుతోంది.

కోళ్ల రైతును దోషిగా నిలబెట్టి ఈ చర్చ ముగించడం తేలిక, అన్యాయం కూడా. బ్రాయిలర్ పెంపకం ఇవాళ ఎక్కువగా ఇంటిగ్రేషన్ పద్ధతిలో నడుస్తోంది. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. రైతుది షెడ్డు, కరెంటు, నీళ్లు, రెక్కల కష్టం. బ్యాచ్ వెళ్లాక కిలోకు ఇంత అని పెంపకం కూలీ ఇస్తారు. చనిపోయిన కోళ్ల శాతం పెరిగినా, తిన్న దాణాకు తగ్గ బరువు రాకపోయినా ఆ కూలీలో కోత. అలాంటి రైతు ట్యాంకులో మందు కలపకుండా ఉండాలంటే, మందు లేకుండా కోడి బతుకుతుందన్న భరోసా ముందు కావాలి. అది వస్తుంది కూడా. టీకాలు సమయానికి వేసి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డు ఖాళీగా ఉంచి సున్నం కొట్టి, పిల్లలను కిక్కిరిసిపోకుండా వదిలి, తాగునీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి, గాలి ఆడేలా చూస్తే మందుల అవసరం చాలా తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో పశువులకు అమ్మే యాంటీబయాటిక్ 2009తో పోలిస్తే 70 శాతానికి పైగా తగ్గింది, పరిశ్రమ మూతపడలేదు. అయితే కోళ్లను పలచగా పెంచితే కిలోకు ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చును రైతు ఒక్కడి మీద తోసేస్తే ఏ నిబంధనా నిలవదు. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. ఇన్ని సంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. షెడ్డులో కోళ్లు గురగురమన్న రోజే ఏ జబ్బో, ఏ మందుకు లొంగుతుందో తేల్చి చెప్పే పరీక్ష రైతు ఊరి దగ్గరికి రావాలి. గుడ్డిగా మూడు మందులు కలిపే అలవాటు అప్పుడే తగ్గుతుంది.

నియమాలు రాకపోలేదు. 2025 మార్చిలో కేంద్రం ఆహార జంతువుల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ మందులను నిషేధించింది. కానీ మన రొయ్యల కథ చూస్తే నియమం ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది. ఆంధ్ర తీరం నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యల్లో సరిగ్గా ఈ రెండు మందుల జాడే దొరికి కంటెయినర్లు వెనక్కి వచ్చాయి. ఐరోపా 2016లో మన రొయ్యల సరుకులో సగాన్ని పరీక్షించాల్సిందేనని పట్టుబట్టింది. అప్పటి నుంచి ఎగుమతి చెరువుల మీద నిఘా పెరిగింది. అదే రొయ్య, అదే చేప హైదరాబాద్ మార్కెట్లలో దిగినప్పుడు అంత శ్రద్ధగా పరీక్షించేవాళ్లు లేరు. కొనే విదేశీయుడికి దొరికే భద్రత పక్క జిల్లా మనిషికి దొరకకపోవడం తప్పు, అది సరిదిద్దగలిగిన తప్పు.

ఇంట్లో చేయగలిగింది మాత్రం ఎవరి అనుమతీ లేకుండా ఇవాళే మొదలుపెట్టవచ్చు. పచ్చిగా తినేవన్నీ, అంటే ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర, ముందే కోసి మూతపెట్టాలి. చికెన్ ఆ తర్వాతే బయటికి తీయాలి. మాంసానికి ఒక చెక్క, కత్తి విడిగా ఉంటే మంచిది. చికెన్‌ను కుళాయి కింద కడగకపోవడమే ఉత్తమం. కడగకుండా మనసొప్పని వాళ్లు లోతైన గిన్నెలో నీళ్లు నింపి ముక్కలను అందులో మెల్లగా ముంచి తీసి, ఆ నీళ్లు చిందకుండా వంచేసి, సింకును, కుళాయి పిడిని సబ్బుతో కడగాలి. చేతులు కూడా సబ్బుతోనే. ముక్క ఎముక దగ్గర గులాబీ రంగు పోయేదాకా ఉడకాలి. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం ఎప్పుడూ కింది అరలో, పెరుగు గిన్నెకు పైన కాదు.

నగరంలో మిద్దె తోటలు పెంచేవాళ్లు బాగా పెరిగారు. మందులు లేని ఆకుకూర తినాలన్న కోరికతో మొదలైన మంచి పని అది. చాలామంది దానికి వాడేది కోళ్ల ఎరువు. షెడ్డు ఖాళీ చేసినప్పుడు ఊకతో సహా తీసిన పెంటనే సంచుల్లో అమ్ముతారు. కోడికి పెట్టిన మందులో కొంత భాగం, దాని పేగుల్లోని బ్యాక్టీరియా అందులో వస్తాయి. పచ్చి పెంటను తెచ్చి నేరుగా కొత్తిమీర కుండీలో వేస్తే షెడ్డునే మిద్దె మీదికి తెచ్చుకున్నట్టు. కుప్ప పోసి, తడిపి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కనిచ్చి, తిరగేసి మళ్లీ వేడెక్కనివ్వాలి. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలా బ్యాక్టీరియా చస్తుంది. నెలన్నర, రెండు నెలలకు ఘాటు వాసన పోయి, నల్లగా పొడిపొడిగా మట్టి వాసన వేస్తుంది. అప్పుడు కుండీల్లో వేయవచ్చు, అది కూడా ముందు టమాటా, వంకాయ లాంటి వండుకునే వాటికి.